తునికాకు పెట్టె

పదకొండు గంటల ఐదు నిమిషాలకు నేను కామారెడ్డి స్టేషనులోని పార్సిలు గదిలో అడుగుపెట్టాను. గది మధ్యలో ఒక ఇనుప పెట్టె మూత తెరిచి ఉంది. దాని నిండా ఎండిన తునికాకు. గదిలో ఉన్న అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి.

ఒక్క మనిషి మాత్రం పెట్టెకేసి చూడటం లేదు. పెట్టె అతనిదే.

అతని పేరు పర్శరాములు. ఎల్లారెడ్డి బడిలో పంతులు. కిటికీ పక్కన బెంచీ మీద కూర్చుని, మూలన గోనెపట్టా మీద ఉన్న ముసలామె చేతులకేసి చూస్తున్నాడు. ఆ చేతులకు పోలీసు తాడు కట్టి ఉంది.

"నిన్నెవరు పిలిచిన్రు?" అన్నాడు పోలీసు అమీను కిషన్‌రావు.

"స్టేషన్ మాస్టరు."

"ఆయన బండ్లే టైముకు రావు. నా కేసులు గూడ ఆయన్నే నడుపుతడా?"

కిషన్‌రావు, నేను ఒకప్పుడు హైదరాబాదులో ఒకే పోలీసు దఫ్తరులో పక్కపక్క బల్లల మీద పనిచేశాం. దొంగ దొరికితే అతనికి నిద్ర పడుతుంది. నాకు దొంగ దొరికాకే నిద్ర పోతుంది. అందుకే అతను అమీను అయ్యాడు. నేను నౌకరీ వదిలి, స్టేషను వెనక ఒంటిగదిలో ఉంటూ, ఎవరైనా పిలిస్తే వచ్చేవాణ్ణి అయ్యాను.

"దొంగ దొరికింది ఏసయ్య సాబ్. ఇంటికి పోయి పండుకో" అన్నాడతను.

"పోయినయేంది?"

"కాయితాలు."

ఆ కాగితాలు నేనెరుగుదును. పద్నాలుగేళ్ళుగా పంతులు చిన్న చిన్న చిట్టీల మీద మాటలు రాసిపెడుతున్నాడు. చిట్టీకి ఒక్క మాట, పలికినవారి పేరు, వయసు, తారీఖు. ఒకే ఇంట్లో అవ్వ ఎలా అంటుంది, ఆమె బిడ్డ ఎలా అంటుంది, మనవరాలు ఎలా అంటుంది. వాటి పక్కన రామారెడ్డి, సదాశివనగర్ చేలల్లో దొరికిన రాతి శాసనాల మీద తడి కాగితం పరిచి తీసుకున్న అచ్చులు. వీటన్నిటినీ పోల్చుకుంటూ, ఇవాళ బతికున్న ఏ చెవీ వినని పాత మాటను తిరిగి కట్టాలని అతని పట్టు.

పోయినేడు ఇదే స్టేషనులో బండి కోసం చూస్తూ నాకు చెప్పాడు: "ఏసయ్యా, నేను 'చేసిన' అంట. బెజవాడ దిక్కోళ్ళు 'చేశాను' అంటరు. గవి రెండు అక్కచెల్లెండ్లు. అక్క తోక పోగొట్టుకున్నది, చెల్లె నడుము పోగొట్టుకున్నది. ఇద్దర్ల మిగిలింది కలిపి చూస్తె తల్లి కనబడ్తది. 'చేసినాను.' తల్లి పోయినంక గూడ బిడ్డల మొఖాలల్ల ఉంటది. మన మాట చెడిపోయిన మాట అంటరు. చెడిపోలే. వేరే తొవ్వల నడిచొచ్చింది."

అలా అన్నప్పుడు అతని మెడ నిటారుగా ఉంది. నాకు తెలిసిన మనుషుల్లో తన మాటను తల మీది పాగాలా మోసిన మొదటివాడు అతనే. ఆ చిట్టీలన్నీ రేపు హైదరాబాదులో పండితుల సభ ముందు పెట్టాలి.

"సంగతి సాఫ్‌గ ఉంది," అన్నాడు కిషన్‌రావు వేళ్ళు మడుస్తూ. "పొద్దుగాల ఏడింటికి ఎల్లారెడ్డిల బస్సు మీద పెట్టె కట్టిన్రు. గీ భూదవ్వ అదే బస్సు ఎక్కింది, బీడీలు కార్ఖానల ఇయ్యనీకి. తొమ్మిదింటికి తాడ్వాయిల టైరు పగిలింది. ఇరవై నిమిషాలు ఆగిన్రు. అప్పుడే మార్చిన్రు. పది పదిహేనుకు ఈడ పార్సిలు బాబు కాయిదా ప్రకారం పెట్టె తెరువుమన్నడు. తెరిస్తె ఆకు. ఈమె బీడీలు చుట్టే మనిషి. ఇంకేం గావాలె?"

"డెబ్బై నాలుగేండ్ల మనిషి బస్సు మీదికెక్కి మార్చిందా?"

"తోడు ఒకడుంటడు. నిజామాబాదు జైల్ల కూసుంటె పేరు దానంతటదే వస్తది. మూడు నలబై బండికి తీసుకపోతున్న."

భూదవ్వ తలెత్తింది. "ఓ అమీనూ, జైలుకైనా వస్త గని తాడు ఇప్పు. చేతులు ఊకె ఉంటె నాకు పానం ఆగది."

నాకు నాలుగున్నర గంటల సమయం ఉంది. పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను.

పెట్టెకు ఒకటే తాళం. చెవి పంతులు మొలతాడుకు ఉంది. తాళం చుట్టూ గీతల్లేవు. పెట్టెకు కట్టిన తాడును పార్సిలు బాబు ముడి విప్పకుండా కత్తితో కోశాడు. రెండు ముడులూ అలాగే బిగిసి ఉన్నాయి. ఆకులు పైకి తీశాను. పట్టుకోగానే చిట్లిపోతున్నాయి. అడుగున పొడి పెద్దగా లేదు. మూత కీళ్ళున్న వైపు పెట్టె గోడకు మాత్రం రెండు వేళ్ళ మందాన గట్టిగా పేరుకుని ఉంది.

"అవ్వా, నీ ఆకు ఉందా?"

ఆమె గడ్డంతో తన గంప చూపించింది. తడిగుడ్డలో చుట్టిన కట్ట. ఒక ఆకు తీసి వేలికి చుట్టాను. తోలులా ఒదిగింది. పెట్టెలో ఆకు తీసి చుట్టాను. అప్పడంలా విరిగింది.

"గవి పొయ్యిల పెట్టేటియి బిడ్డా," అంది భూదవ్వ చీదరగా. "పురుగు కొట్టినయి, చినిగినయి ఏరి పడేస్తం. గిసొంటి ఆకుతోని చుడితె కార్ఖానోడు నా మొఖాన కొడ్తడు. యాబై ఏండ్ల సంది చుడుతున్న, ఒక్క బీడీ వాపసు రాలే నాది."

"ఆకు తడిదైతే ఏంది, ఎండుదైతే ఏంది? ఆకు ఆకే" అన్నాడు కిషన్‌రావు.

నేను బస్సు డ్రైవరు యాకూబును పిలిపించాను. మోచేతుల దాకా నల్లటి నూనె.

"పెట్టె మీద ఎట్ల కట్టినవ్?"

"నిలబెట్టి కట్టిన సాబ్, కీళ్ళ దిక్కు కిందికి. పండవెట్టనీకి జాగ లేకుండె, మిరపకాయ బస్తాలున్నయి."

"తాడ్వాయిల విప్పినవా?"

"ఎందుకు విప్పుత? టైరు కింద ఉంటది సాబ్, మీద ఉండదు."

కిషన్‌రావు తప్ప అందరూ నవ్వారు. నేను పొడి పేరుకున్న గోడను చూపించాను. ఇరవై ఆరు మైళ్ళ గతుకుల దారిలో, పెట్టె నిలబడి ఉండగా, ఎండు ఆకు నలిగి నలిగి కిందివైపున్న గోడకు చేరింది. తాడ్వాయి నుంచి కామారెడ్డికి ఎనిమిది మైళ్ళు. అంత పొడికి ఆ దూరం చాలదు. అంటే ఆకు ఎల్లారెడ్డిలోనే పెట్టెకెక్కింది.

"అందాజు మాట," అన్నాడు కిషన్‌రావు. "అందాజు మాటకు దొంగను ఇడిచిపెట్టాల్నా?"

"సరే, అందాజు వద్దు. తాడ్వాయి సంగతి ముగ్గురిని అడుగుత. ముగ్గురు ఒకరి మాట ఒకరు వినకుంట చెప్పాలె."

ఇది నేను పంతులు దగ్గర నేర్చుకున్న పనే. ఒక్కరే చెప్పింది తర్వాత అతుక్కున్నది కావచ్చు. ఎవరికి వారే చెప్పినా ముగ్గురి మాటల్లోనూ ఉన్నది మాత్రం మొదటి నుంచీ ఉన్నదే. అతను ఊళ్ళను ఇలా అడిగేవాడు. నేను మనుషులను అడుగుతాను.

మొదట యాకూబును బయటికి తీసుకెళ్ళి అడిగాను. ఇరవై నిమిషాలు కాదు, పావుగంటే అన్నాడు. జాకీ పట్టిన మనిషికి కాలం చిన్నగానే కనిపిస్తుంది. మీదికి ఎవరూ ఎక్కలేదు. పంతులు మాత్రం చాయ్ తాగుతూ తనకు వీపు చూపించి నిలబడ్డాడు. రెంచీ అందియ్యమని పిలిచినా వెనుదిరగలేదు.

తర్వాత రుక్మాబాయి. అదే బస్సులో వచ్చిన మద్నూరు మనిషి, ఎల్లారెడ్డిలో బంధువుల ఇంట పదిరోజులుండి తిరిగి వెళుతోంది. బండి కోసం బయట కూర్చుని ఉంది. "అగబాయ్, గంట సేపు ఆగింది సాబ్! ఎండల గంట!" అంది. మరాఠీ మీదుగా నడిచొచ్చే తెలుగు ఆమెది. ముసలామె దిగిందా? దిగింది, చెట్టు చాటుకు పోయి వచ్చింది. మీదికెవరైనా ఎక్కారా? "నై. నా తట్ట బస్సు మీదనే ఉండె, చూపు తియ్యలేదు నేను. ఆ పంతులు ఉన్నడు చూడు, వీపు తిప్పి నిలబడ్డడు, ఒక్కసారి గూడ మీదికి చూడలే. నేను అనుకున్న, ఈయన సామాను లేదు కావచ్చు."

చివరికి భూదవ్వ. ఎంతసేపు ఆగిందో ఆమెకు తెలియదు. "నూరు బీడీలు చుట్టేంత సేపు" అంది. "పంతులుకు పానం బాగలేదనుకున్న. బస్సుకు వీపు పెట్టి చాయ్ తాగిండు. ఎన్నడు అట్ల జేయడు. ఆయన చిట్టీల మూట నేను ముట్టుకుంటెనే ఒప్పుకోడు, చెయ్యి కడుక్కో అవ్వా అంటడు."

పావుగంట, గంట, నూరు బీడీలు. మూడు కాలాలు మూడు రకాలు. కానీ బస్సుకు తిరిగిన ఆ వీపు ముగ్గురి మాటల్లోనూ ఒక్కటే.

పన్నెండు దాటింది. నేను వెళ్ళి పంతులు పక్కన బెంచీ మీద కూర్చున్నాను. వస్తువు పోగొట్టుకున్నవాడి చూపు అది ఉండిన చోటికే మళ్ళీ మళ్ళీ పోతుంది, పన్ను ఊడిన సందుకు నాలుక పోయినట్టు. ఇతని చూపు పెట్టె మీదికి ఒక్కసారీ పోలేదు. ఇలాంటి క్షణాల్లో నాకు గెలిచినట్టు ఉండదు. ఎవరి ఇంట్లోకో చెప్పులతో నడిచినట్టు ఉంటుంది.

"పంతులూ, పద్నాలుగేండ్ల పనిని బస్సు మీదికి ఎక్కించి, ఒక్కసారి గూడ మీదికి చూడలే నువ్వు. అండ్ల లేదని నీకు ఎరికే."

అతను మొలతాడు నుంచి తాళంచెవి విప్పి బెంచీ మీద పెట్టాడు.

"ఉత్త పెట్టె అనిపియ్యద్దని పారేసిన ఆకు నింపిన. హైదరాబాదుల తెరిస్తరనుకున్న," అన్నాడు. "రైల్ల ఎక్కడనో పోయినయి అంటరు, ఎవలి మీద పడది అనుకున్న. గీ బాబు ఈడనే తెరువుమన్నడు. అమీను వచ్చిండు. అవ్వ చెయ్యి పట్టిండు. నోరు తెరుద్దామనుకున్న ఏసయ్యా. తెరవలే. ఒక్క నిమిషం అయితె ఎనకకు రాలేనంత దూరం పోతమని తెల్వలే."

కిషన్‌రావు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "నీ పెట్టె నువ్వే దొంగతనం చేసినవా? ఎందుకు?"

"పోయిన మంగళారం పొద్దుగాల అవ్వ ఇంటికి పోయిన. ఒక చిట్టీ మీద అనుమానం ఉండె. గోడ అవుతల్నే ఆగిన. లోపల అవ్వ పక్కింటి దుర్గవ్వతోని కొట్లాడుతున్నది. అరగంట విన్న." అతని గొంతు తగ్గింది. "అది నా భూదవ్వ మాట గాదు. పద్నాలుగేండ్ల సంది నాకు చెప్పిన పాత పోకడ ఒక్కటి గూడ ఆ నోట్ల లేదు. నేను ఎట్ల మాట్లాడ్తనో అట్లనే మాట్లాడుతున్నది. అంటె ఏంది? చిట్టీ తీస్తె పాత మాట, నేను పోతె మామూలు మాట. పాత మాట అన్నప్పుడల్లా నా మొఖం ఎలుగుతది. అది చూసి నాకు అడిగినంత పెట్టింది. ఎనిమిది వేల చిట్టీలు. నా పుస్తకం పునాది మొత్తం ఆమెనే. గా సభల నిలబడి ఏమని చెప్పాలె? అవ్వ అబద్ధమాడిందనాల్నా? నేను మోసపోయిన్ననాల్నా? రెండూ చేతగాలే నాకు."

ఇంతసేపూ గోనెపట్టా మీద కదలకుండా కూర్చున్న భూదవ్వ లేచి నిలబడింది. కట్టిన చేతులు ముందుకు చాపుకునే వచ్చింది.

"ఏందీ? నేను అబద్ధమాడిన్నా?"

"అవ్వా..."

"ఆగు. మొదటి దినం నా ఇంటికొచ్చి ఏమడిగినవ్ నువ్వు? 'అవ్వా, పాత మాట చెప్పు' అన్నవ్. అన్నవా లేదా?"

"అన్న."

"పాత మాట అంటె నాదెట్లయితది? నేను ఇంకా బతికే ఉన్న గద! నాది ఇప్పటి మాట. నువ్వు పాతదంటివి, మా అమ్మమ్మది చెప్పిన. హన్మవ్వది."

పంతులు నోరు తెరుచుకుంది.

"నీ అమ్మమ్మ మాట నీకు అంత పక్కాగ ఎట్ల యాదున్నది?" అన్నాను నేను.

"ఎట్ల యాదుండది బిడ్డా? నాకు మూడేండ్లప్పుడు మా అమ్మ పోయింది. హన్మవ్వనే సాదింది. ఆమెకు కండ్లు లేవు. పన్నెండేండ్లు ఆమె పక్కల్నే పండుకున్న, ఆమె చెయ్యి పట్టి నడిపిన. కండ్లు లేని మనిషికి మాట తప్ప ఏముంటది? పొద్దంత మాట్లాడేది. ఎవలన్న కొత్త తీరుగ మాట్లాడితె తిట్టేది, తోక తెగిన మాటలు మాట్లాడకుండ్రి అని. ఇప్పటికి గూడ ఆకు కత్తిరిస్తుంటె చెవుల ఇనబడ్తది." ఆమె పంతులు మొహంలోకి మొహం పెట్టి చూసింది. "నిన్ను సంతోషపెట్టనీకి చెప్పిన్నా నేను? ఆమెను తెచ్చి నీ ముందట కూసోవెట్టిన. నువ్వు ఎవలు మాట్లాడుతున్నరని ఒక్కనాడన్న అడిగినవా?"

పద్నాలుగేళ్ళు. చిట్టీ చిట్టీకీ పేరు, వయసు, తారీఖు. ఆ పేరు ఎప్పుడూ భూదవ్వే.

పంతులు చెయ్యి జేబులో పెన్సిలు వెతకడం చూశాను. ఆ వెతుకులాట అతనికి తెలియకుండానే జరుగుతోంది. "హన్మవ్వ ఎప్పుడు పోయింది?"

"నాకు పదిహేనేండ్లప్పుడు. ఎనబై దాటినయి అనేటోళ్ళు."

"అంటె నూట నలబై ఏండ్ల కింద పుట్టింది," అన్నాడు పంతులు. బెంచీ పట్టుకుని నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం వేరే మనిషివి. "ఏసయ్యా, రెండు తరాల ఎనకటి మాట అది. నేను తప్పు పేరు మీద రాసిన. తప్పు తారీఖు. మాట తప్పు గాదు! నేను కట్టిన తల్లి సుత ఉత్త ఊహ గాదు, ఒక మనిషి నోట్ల బతికింది. ఆమె ఒళ్ళె పెరిగిన మనిషి నా ముందట ఉన్నది. శాసనానికి, మనకు నడుమ ఏ పుస్తకంల దొరకని మెట్టు ఇది. దేశంల ఎవ్వలి దగ్గర లేదు. మా ఎల్లారెడ్డిల ఉన్నది!"

"నన్ను తాడు కడ్తుంటె నోరు మూసుకున్నవ్," అంది భూదవ్వ. "గది వేరే కొట్లాట. గది ఇంటికి పోయినంక."

అతని మెడ వంగింది. "తప్పు చేసిన అవ్వా."

"కాయితాలు ఏడున్నయి?" అని నేను అడిగాను.

ఆ ప్రశ్నతో అతని మొహంలో ఇందాకటి వెలుగు అంతా ఆరిపోయింది. గోడ గడియారం కేసి చూశాడు. పన్నెండు ముప్పై ఐదు.

"నా చేతులతోని కాల్చలేకపోయిన," అన్నాడు. "తెల్లారకముందే మూడు బస్తాలల్ల కట్టి కుమ్మరి దేవయ్యకు ఇచ్చిన. బడిల పాత కాయితాలని చెప్పిన. కుండలు కాల్చే ఆవంల, కట్టెల కింద పెట్టిండు నా ముందటనే. ఇయ్యాల రెండింటికి నిప్పు పెడ్తడు."

తంతి కొట్టినా ఎల్లారెడ్డిలో మనిషి చేతికి అందేసరికి రెండు దాటుతుంది. తర్వాతి బస్సు ఒకటిన్నరకు. గదిలో ఉన్నవాళ్ళలో మోటారు ఉన్నది ఒక్కరికే.

కిషన్‌రావు నాకేసి చూశాడు. నాకు అతని మనసు కాగితం మీద రాసినట్టు కనిపిస్తోంది. ఇప్పుడు కదిలితే తను పట్టింది దొంగను కాదని పది మంది ముందు ఒప్పుకున్నట్టు.

"కిషన్‌రావ్," అన్నాను, "ఇంత పెద్ద మాటను మంటల్ల నుంచి తీసిన అమీను పేరు ఆ సభల చదువుతరు. నా పేరు ఎక్కడ ఉండది. నాకు వద్దు."

"నీ పేరు ఉంటె నేనే కొట్టేస్త," అన్నాడతను. వంగి, భూదవ్వ చేతుల తాడు తనే విప్పాడు. ముడి గట్టిగా ఉండి కాస్త తడుముకున్నాడు. "అవ్వా, నువ్వు ఈడనే కూసో. జవాను చాయ్ తెస్తడు."

"ఎందుకు కూసుంట? కాలేది మా అమ్మమ్మ!" అని ఆమె గంప నెత్తికెత్తుకుని అందరికంటే ముందు నడిచింది.

పన్నెండు నలభైకి మోటారు కదిలింది. కిషన్‌రావు ముందు, తన డ్రైవరు పక్కన. వెనక పంతులు, నేను, మధ్యలో భూదవ్వ. తాడ్వాయి ఒంటిగంటకు దాటాం. గతుకు వచ్చినప్పుడల్లా కిషన్‌రావు డ్రైవరు భుజం చరిచి "పోనియ్, పోనియ్" అంటున్నాడు. అతని గొంతులో ఇప్పుడు కేసు లేదు, పందెం ఉంది. నేను పంతులు చేతులు చూస్తూ కూర్చున్నాను. తన గర్వాన్ని కాపాడుకోవడానికి తన బతుకునే పొయ్యిలో పెట్టిన మనిషిని నేను తప్పుపట్టలేకపోయాను. నా ఒంటిగదిలో నేను కూడా అలాంటివి రెండు మూడు కాల్చుకున్నవాణ్ణే.

లింగంపేట దాటేసరికి ఒకటీ ఇరవై ఎనిమిది. ఊరు రెండు మైళ్ళు ఉందనగా దారి ఒక మిట్ట మీదికి ఎక్కింది. ఒకటీ నలభై ఎనిమిది.

ఎదురుగా, ఊరి తూర్పు అంచున, తెల్లటి పొగ లేస్తోంది.

"దేవయ్య ఆవం గా దిక్కే," అన్నాడు పంతులు. అతని గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. "టైము గాకముందే ముట్టిచ్చిండు."

డ్రైవరు కాలు తెలియకుండానే సడలింది. మోటారు నెమ్మదించింది.

"ఎందుకు ఆపుతున్నవ్ బిడ్డా? కొట్టు!" అని భూదవ్వ ముందు సీటు మీద చరిచింది. తర్వాత పంతులు వైపు తిరిగి, అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "తడి కట్టెల పొగ అది. మంట ఇంకా అంటలే. అంటిందే అనుకో. కాయితం కాలుతది. నేను కాలిన్నా? మళ్ళ చెప్త. గీసారి హన్మవ్వదేదో, నాదేదో ఏరి ఏరి చెప్త. దుర్గవ్వతోని కొట్లాట గూడ రాసుకో, నీ ముందటనే కొట్లాడుత. అన్ని అయ్యేదాక నేను సావ, నిన్ను సావనియ్య."

పంతులు మొదటిసారి సూటిగా పొగ కేసి చూశాడు. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. మోటారు మిట్ట దిగి, పొగ వాసన మొహానికి కొట్టేసరికి, అది ఇంకా పూర్తిగా ఆగకముందే కిందికి దూకి పరుగెత్తాడు. అతని వెనక భూదవ్వ, కండ్లు లేని హన్మవ్వ మాటతో, తోక తెగని పాత మాటతో, దేవయ్యను పేరు పెట్టి పిలుస్తూ, నిప్పు ఆపమని ఊరంతా వినపడేలా అరుస్తోంది.